తొమ్మిదో నియమం

ఆఫీసు కాగితాన్ని కింది నుంచి పైకి చదవడం నాకు నేర్పినవాడు కాక. ఆ అలవాటు ఇప్పుడు ఫోను దాకా పాకింది. అందుకే మొన్న ఎండాకాలం ఒక పొద్దున, సెక్షన్‌లో కూర్చుని యూనియన్ గ్రూపులో వచ్చిన మెసేజీ తెరిస్తే నాకు ముందుగా కనబడింది అంత్యక్రియల వేళ. సాయంత్రం నాలుగింటికి. దాని పైన ఊరి పేరు, చిట్యాల నుంచి లోపలికి పోవాల్సిన ఊరు. అది చదివాక ఇంకా పైకి పోబుద్ధి కాలేదు. అయినా పోయాను. అన్నిటికన్నా పైన కాక పేరుంది.

ఆ పేరు ఇక్కడ రాయను. రాసినా మా యూనివర్సిటీలో సగం మంది ఎవరని అడుగుతారు. పెద్ద సార్ల దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరికీ ఆయన కాకే. ఏ యూనివర్సిటీ అని కూడా మీరు అడగకండి. నేనింకా అక్కడే పని చేస్తున్నాను, రిటైర్మెంటుకు చాలా ఏళ్ళున్నాయి.

కాక మా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అటెండరు. మనిషి పొట్టి, అంగలు మాత్రం పెద్దవి. చేతిలో తపాల్ బుక్కు, చొక్కా జేబు అంచుకు గుచ్చిన దబ్బనం. ఫైళ్ళు కుట్టడానికి ఆ దబ్బనం, పురికొస ఉండ ఎప్పుడూ ఆయన దగ్గరుండేవి. వాళ్ళది గొర్లు కాసుకునే ఇల్లు. పొద్దున్నే దొడ్డి తీసి, మందను భార్యకు అప్పజెప్పి, అప్పుడు బస్సెక్కి డ్యూటీకి వచ్చేవాడు. దగ్గర నిలబడితే గొర్రెబొచ్చు వాసన సన్నగా తగిలేది. కొత్తలో నేను ముక్కు ముడిచాను. ఆయన చూశాడు కాబోలు, మర్నాటి నుంచి నా టేబులుకు రెండడుగుల ఎడంగా నిలబడి, చెయ్యి చాపి ఫైలు అందించడం మొదలుపెట్టాడు. వారం రోజులు అట్లాగే నడిచాక నాకు సిగ్గేసి, కుర్చీ జరిపి కూర్చోమన్నాను. కూర్చుని, నాది ఏ ఊరని అడిగాడు. ఆలేరు అన్నాను. రైలు చప్పుడు లేకుండా ఇక్కడ నిద్ర పడుతోందా అని అడిగాడు. అప్పటిదాకా నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. జూనియర్ అసిస్టెంటును, ప్రొబేషన్‌లో ఉన్నాను. ప్రొబేషన్‌లో ఉన్న మనిషి ఎట్లా ఉంటుందో తెలుసు కదా. తుమ్మినా అటూ ఇటూ చూసి తుమ్ముతుంది.

నోటీసు బోర్డు మీద కొత్త కాగితం పడితే అందరూ పైన విషయం దగ్గర మొదలుపెడతారు. కాక మాత్రం నడుం వంచి అడుగున చూసేవాడు. ఏడో తరగతి చదువు, పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివేవాడు. ఎందుకట్లా అని ఒకసారి అడిగాను.

"పైన రాసేది అందరికి చెప్పేది బిడ్డ. కింద ఎవలెవలికి కాపీ పోయిందో చూడు. అసలు సంగతి ఆడుంటది."

తర్వాత నేనూ చూడటం మొదలుపెట్టాను. నిజమే.

మా దగ్గర అప్పటికే ఒక ఉద్యోగుల సంఘం ఉండేది. కొత్త సంవత్సరానికి డైరీలు పంచేది, రిటైరైనవాళ్ళకు శాలువా కప్పేది. అది పర్మినెంటు వాళ్ళకు. ఊడ్చే ఆడవాళ్ళు, హాస్టల్లో వండేవాళ్ళు, ఎలక్ట్రీషియన్లు, డ్రైవర్లు చాలామంది ఏజెన్సీ కింద పనిచేసేవాళ్ళు. రాష్ట్రం వస్తే అందరికీ పర్మినెంటు అవుతుందని ఉద్యమం రోజుల్లో చీపుళ్ళు పట్టుకునే రోడ్డెక్కినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. రాష్ట్రం వచ్చింది. వాళ్ళ చేతుల్లో చీపుళ్ళు అట్లాగే ఉన్నాయి. పైగా ఏటా ఎండాకాలం మొదట్లో ఏజెన్సీ మారేది. మారినప్పుడల్లా కొత్త జాబితాలో నలుగురైదుగురి పేర్లు రాలిపోయేవి. ఎందుకు రాలాయో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. యూనివర్సిటీని అడిగితే ఏజెన్సీని అడగమనేది, ఏజెన్సీవాళ్ళ ఆఫీసు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

కాకకు అప్పటికి రెండేళ్ళ సర్వీసు మిగిలుంది. పర్మినెంటు మనిషి, పెన్షను ఖాయం. మామూలు మనిషైతే ఆ రెండేళ్ళూ తపాల్ బుక్కు మోసి, శాలువా కప్పించుకుని ఇంటికి పోయేవాడు. కాక ఒకరోజు నల్లగొండ బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన కార్మిక చట్టాల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. దాన్ని కూడా వెనక పేజీ నుంచే మొదలుపెట్టాడు. నెల తర్వాత నా దగ్గరికొచ్చి, ఏడుగురు సంతకం పెడితే యూనియను రిజిస్టరు చేసుకోవచ్చట, నియమాలు రాసివ్వాలట, టైపు చేసి పెడతావా అన్నాడు. వచ్చే ఏజెన్సీ మార్పు లోపల రిజిస్ట్రేషను నంబరు చేతికి రావాలి. నంబరుంటే రాలిపోయిన పేర్ల గురించి అడిగే నోరుంటుంది. అదీ ఆయన లెక్క.

టైపు చేస్తాను కానీ నా పేరు ఎక్కడా రాకూడదన్నాను. సరేనన్నాడు.

ఆఫీసు కంప్యూటరు మీద కొట్టనివ్వలేదు. ఆఫీసు కరెంటుతో యూనియను కాగితం కొట్టారని రేపు ఎవరైనా అంటారన్నాడు. ఒక ఆదివారం నేను కిరాయికుండే గదికి సంచి నిండా సీతాఫలాలు పట్టుకుని వచ్చాడు. గడప మీద కూర్చుని, ఒక్కో నియమం ఆయన తన మాటల్లో చెబుతుంటే నేను కాగితపు భాషలోకి మార్చి కొట్టాను. పేరు, ఉద్దేశాలు, సభ్యులెవరు, సమావేశానికి కనీసం ఎంతమంది ఉండాలి, అన్నీ సాఫీగా పోయాయి. తొమ్మిదో నియమం దగ్గర ఇద్దరికీ తగాదా వచ్చింది. పని పోయినా సభ్యత్వం పోదని రాయమన్నాడు. పేరు కొట్టెయ్యాలంటే నిండు సమావేశంలో ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, అందరూ ఒప్పుకోవాలి.

నేను నవ్వాను. పనే పోయినవాళ్ళకు సభ్యత్వమెందుకు, జాబితా బరువు తప్ప అన్నాను.

కాక సీతాఫలం గింజలు అరచేతిలోకి ఊసి, వాటిని చూస్తూ అన్నాడు. "తప్పిపోయిన గొర్రెను ఆ పూటనే లెక్కలకెల్లి తీసేస్తే, దాన్ని ఇంక ఎవలు దేవులాడుతరు బిడ్డ?"

నేను అట్లాగే కొట్టాను. 'ఏ కారణం చేతనైనా ఉద్యోగం నుంచి వైదొలగినంత మాత్రాన సభ్యత్వం రద్దు కాదు' అని. ఆ 'ఏ కారణం చేతనైనా' అన్న ముక్క మాత్రం నాది. కాగితానికి కొంచెం గంభీరంగా ఉంటుందని పెట్టాను. కాక అది రెండుసార్లు చదివించుకుని, మంచిగున్నదన్నాడు.

సంగతి ఎట్లాగో పైకి తెలిసింది. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. ఆవరణలో అనుమతి లేకుండా సమావేశాలు పెట్టకూడదు, పని వేళల్లో గుమిగూడకూడదు. విచిత్రం ఏమిటంటే దాన్ని టైపు చేసింది కూడా నేనే. కాక బోర్డు దగ్గర నిలబడి అడుగు నుంచి పైదాకా చదివి, తాపీగా నా దగ్గరికొచ్చాడు.

"మంచిగ రాసిండ్రు బిడ్డ. ఏడ పెట్టద్దో రాసిండ్రు, ఎప్పుడు పెట్టద్దో రాసిండ్రు. అంటే కడమ జాగంత మనదే."

ఆ మిగిలిన జాగా ఏదో ఆయనకు అప్పటికే తెలుసు. మా గేటుకు ఎదురుగా, రోడ్డవతల, రేకుల బస్‌షెల్టరు ఉంది. అది పంచాయితీది. కాక సర్పంచు దగ్గరికి పోయి, మధ్యాహ్నం అన్నం బెల్లు అప్పుడు అరగంట మావాళ్ళు అందులో కూర్చుంటారని చెప్పి వచ్చాడు. బస్సు కోసం కూర్చునేవాళ్ళను లేపకుంటే ఎంతమందైనా కూర్చోవచ్చని సర్పంచు అన్నాడట. మా యూనియను పుట్టింది అక్కడ. ఆవరణ కాదు, పని వేళ కాదు.

ఆ మొదటి సమావేశం నాకు బాగా గుర్తు. షెల్టరుకు ఒక పక్క స్తంభానికీ గోడకూ మధ్య ఇద్దరు పట్టేంత సందు. కాక అందరినీ ఆ సందులోంచే రమ్మన్నాడు. తాను స్తంభానికి ఆనుకుని, ఇద్దరిద్దరు లోపలికి పోతుంటే అరచేత్తో తొడ మీద ఒక్కో తట్టు తట్టాడు. పెదాలు కదలవు, వేలెత్తి చూపడు. వేలు పెట్టి లెక్కిస్తే మంద తగ్గుతుందని వాళ్ళ బాపు చెప్పేవాడట. పొద్దుగూకి మంద దొడ్డిలోకి పోయేటప్పుడు వాళ్ళింట్లో అట్లాగే లెక్క చూస్తారు. మనుషులకు కూడా అదే వాడతావా అని ఎలక్ట్రీషియన్ పరాచికమాడితే, నువ్వు పొట్టేలువు లోపలికి పో అన్నాడు.

లోపల మాట మాట పెరిగి ఎవరైనా గొంతు లేపితే కాక నాలుకతో ఒక చప్పుడు చేసేవాడు. బెదిరిన మందను నిలబెట్టే చప్పుడు అది. రిజిస్ట్రారును తిట్టబోయినవాళ్ళు కూడా ఆ చప్పుడుకు నవ్వి ఆగిపోయేవాళ్ళు. నినాదాలు కూడా వద్దన్నాడు. మనం ఉన్నామని వాళ్ళకు తెలుసు, ఎంతమంది ఉన్నామో తెలియాలి అంతే అన్నాడు.

హాజరు పుస్తకం చేతులు మారుతూ తిరిగింది. నేను దూరంగా, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాను. అందరూ లేచాక కాక పుస్తకం చూసి చెవి గోక్కున్నాడు. తన లెక్కకు పంతొమ్మిది జతలు, ముప్పై ఎనిమిది మంది. పుస్తకంలో నలభై ఒక్క పేర్లున్నాయి.

"మూడెక్కువున్నయి బిడ్డ. పరాయియి కలిసినయి."

నేను ఆఫీసు మనిషిని. నాకు సంతకమంటే సంతకమే. మనుషులు గొర్లు కాదు కాకా, సంతకం ఉందంటే మనిషి ఉన్నట్టే, నువ్వే తప్పు లెక్కపెట్టి ఉంటావు అన్నాను. గట్టిగానే అన్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. కాక దబ్బనం తీసి, ఆ పుస్తకం వీపు ఊడిపోకుండా కుట్టి నా చేతికిచ్చాడు. నేను నలభై ఒక్క పేర్లూ టైపు చేశాను. ఏడుగురు సంతకాలు పెట్టారు. కాక కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి వచ్చాడు.

రెండు నెలలకు అది తిరిగొచ్చింది. హాజరైనవాళ్ళలో ముగ్గురు యూనివర్సిటీలో ఏ పనీ చేసేవాళ్ళు కాదు కాబట్టి మళ్ళీ సమావేశం పెట్టి, మళ్ళీ సంతకాలతో కొత్త దరఖాస్తు ఇవ్వాలని రాశారు. ఆ ముగ్గురెవరో తెలిశాక ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఒకాయన చిట్యాలలో చెప్పుల దుకాణం పెట్టుకున్నవాడు. ఒకామె హాస్టల్లో కూతుర్ని చూడటానికొచ్చిన తల్లి. మూడోది వేలిముద్ర, పక్క ఊరి అవ్వది. ముగ్గురూ మాకన్నా ముందు నుంచే షెల్టరులో కూర్చుని బస్సు కోసం చూస్తున్నారు. పుస్తకం తమ దాకా వస్తే, అందరూ పెడుతున్నారు కదా అని పెట్టారు. అవ్వ అయితే అది పెన్షను కాగితమనుకుంది. ఎట్లా తెలిసిందంటే, ఒకరోజు ఆమే షెల్టరులో కాకను పట్టుకుని, నా పెన్షను ఏమాయె కొడుకా, వేలు పట్టించుకుని పోతివి అని నిలదీసింది.

కాక కోప్పడలేదు. నవ్వనూ లేదు. ఆమె వేలిముద్ర మనం వాడుకున్నాం, ఆమె పని మనమే చేసిపెట్టాలి అన్నాడు. సెలవు పెట్టి, ఆమెను మండలాఫీసుకు తీసుకుపోయి, నిజంగానే వృద్ధాప్య పెన్షనుకు దరఖాస్తు రాయించాడు. మూడుసార్లు తిరిగాడు. ఆ తర్వాత ఆమెకు పెన్షను వచ్చింది. మా నంబరు కన్నా ముందే వచ్చింది.

కాక నన్ను ఒక్కసారి కూడా, నేను చెప్పిన కదా అని అనలేదు. అనే హక్కు నూటికి నూరుపాళ్ళూ ఉంది. ఆ రోజు అన్నా నాకింత బాధ ఉండేది కాదు.

ఎందుకంటే ఆ రెండు నెలల్లో జరగాల్సింది జరిగిపోయింది. ఏజెన్సీ మారింది. కొత్త జాబితాలో ఊడ్చే ఆడవాళ్ళలో నలుగురి పేర్లు లేవు. వాళ్ళలో మరియమ్మక్క ఒకామె. యూనివర్సిటీకి పునాది తీసినప్పుడు మట్టి మోసింది, కట్టాక ఊడ్చింది. ప్రతి పొద్దున నేను బస్సు దిగగానే, మంచిగున్నవా బిడ్డ అని పలకరించేది. నంబరు ఉండి ఉంటే అడిగే నోరుండేది. మూడు అక్కర్లేని సంతకాల్ని నేను నెత్తిన పెట్టుకున్నందుకు ఆ నోరు లేకుండా పోయింది.

కాక ఆ నలుగురికీ ఒక్కటే చెప్పాడు. రోజూ డ్యూటీ వేళకు వచ్చి షెల్టరులో కూర్చోండి, సాయంత్రం డ్యూటీ దిగే వేళకు లేవండి. పనికి రాలేదని ఎవరూ రాయకూడదు. వాళ్ళు అట్లాగే చేశారు. ఎండలో బస్సు దిగితే వాళ్ళ ముందు నుంచే గేటు దాటాలి. మరియమ్మక్క ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టుకుని కూర్చుని ఉండేది. అప్పుడు కూడా, మంచిగున్నవా బిడ్డ అనే అడిగేది. నేను తలూపి, గబగబా లోపలికి పోయేదాన్ని.

రెండో సమావేశం అయింది. ఈసారి బస్సు కోసం ఉన్నవాళ్ళను కాక స్తంభం అవతల కూర్చోబెట్టాడు. పుస్తకమూ లెక్కా కలిశాయి. దరఖాస్తుకు మాత్రం సంతకాలు చాలలేదు. మొదటిసారి పెట్టిన ఏడుగురిలో డ్రైవరు వెనక్కి తగ్గాడు. కొత్త ఏజెన్సీ జాబితాలో అతని పేరు బొటాబొటిగా మిగిలింది. ఇద్దరు చిన్నపిల్లలు. అతన్ని ఏమనగలం. కాక కూడా అతని భుజం తట్టి పంపించాడు.

ఆ ఆదివారం మళ్ళీ నా గదికొచ్చాడు. ఆరు పేర్లు కొట్టించి, ఏడో గీత ఖాళీగా ఉంచమన్నాడు. ఎవరో ఒకరు దొరుకుతారన్నాడు. నా వైపు చూడలేదు, గోడ మీది క్యాలెండరు చూస్తూ అడిగాడు.

"నీ ప్రొబేషను ఎప్పుడైపోతది?"

ఇంకా ఐదు నెలలన్నాను.

"అయితే అప్పటిదాక నువ్వు టైపే చెయ్యి. ఫికర్ పెట్టుకోకు."

అడిగి ఉంటే ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. సాకులు రెండు మూడు సిద్ధం చేసుకుని కూడా ఉన్నాను. ఆయన అడగలేదు, ఇక అవి ఎవరికి చెప్పాలి? మర్నాటి నుంచి నాలుగు రోజులు కాక తపాల్ బుక్కుతో బిల్డింగు బిల్డింగూ తిరుగుతూ ఏడో మనిషి కోసం వెతికాడు. లైబ్రరీలో ఒకరు రేపన్నారు. పరీక్షల విభాగంలో ఒకరు నవ్వారు. ప్రతి సాయంత్రం ఆ కాగితం మళ్ళీ నా ట్రేలోకే వచ్చేది, నలగకుండా దాచమని.

ఐదో రోజు బస్సు దిగితే మరియమ్మక్క పలకరించలేదు. తడిగుడ్డ నెత్తిన వేసుకుని, స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుంది. కునుకు పట్టినట్టుంది. పలకరింపు లేకుండా గేటు దాటిన మొదటి రోజు అది. సెక్షనుకు పోయి, ట్రేలోంచి కాగితం తీసి, ఏడో గీత మీద సంతకం పెట్టాను. ధైర్యం వచ్చి పెట్టలేదు. పెట్టకుండా రేపు మళ్ళీ అక్కడ బస్సు దిగలేనని పెట్టాను.

మధ్యాహ్నం కాక వచ్చి కాగితం తీసుకున్నాడు. అలవాటు ప్రకారం కింది నుంచి చూశాడు. నా సంతకమే ముందు కనబడింది. చాలాసేపు దాన్నే చూశాడు.

"మీ అమ్మకు చెప్పినవా?"

చెప్పలేదన్నాను.

"ముందుగాల మీ అమ్మకు చెప్పు. నేను రేపు తీస్కపోత."

వెతికి వెతికి దొరికిన ఏడో సంతకాన్ని చేతిలో పెట్టుకుని, నేను అమ్మకు చెప్పడం కోసం ఆ మనిషి ఒక రోజంతా ఆగాడు. నాకు మళ్ళీ వెనక్కి తీసుకునే వీలు ఉంచాడని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. సాయంత్రం ఆలేరుకు ఫోను చేశాను. సంగతంతా చెప్పాను. అమ్మ, ఆ ఏడుగురిల ఇంకొక ఆడమనిషన్న ఉన్నదా అని అడిగింది. హాస్టల్లో వండే ఆమె ఉందన్నాను. అయితే మంచిది, అన్నం తిను అని పెట్టేసింది.

నంబరు వచ్చింది. ఆ నంబరుతో యూనియను రాసిన మొదటి ఉత్తరం ఆ నలుగురి గురించే. తొమ్మిదో నియమం అక్కడ పనికొచ్చింది. వాళ్ళిప్పుడు మా దగ్గర పనిచేసేవాళ్ళు కాదు, వాళ్ళ తరఫున మీరెట్లా మాట్లాడతారని రిజిస్ట్రారు అడిగితే, కాక నియమావళి తెరిచి వేలు పెట్టి చూపించాడు. మొదటి సమావేశం నాటికి వాళ్ళు పనిలో ఉన్నారు, సభ్యులయ్యారు, వాళ్ళ పేర్లు మేం కొట్టెయ్యలేదు. మనుషుల్ని వేలు పెట్టి లెక్కించని కాక, ఆ తొమ్మిదో అంకె మీద మాత్రం వేలు తియ్యకుండా నిలబడ్డాడట. నాలుగు నెలలు నడిచింది. ముగ్గుర్ని తీసుకున్నారు. మరియమ్మక్కను వయసు చెప్పి తీసుకోలేదు. ఆమె షెల్టరు పక్కనే పల్లీలు ఉడకబెట్టి అమ్మడం మొదలుపెట్టింది. ప్రతి సమావేశానికీ బుట్ట పక్కన పెట్టి వచ్చి కూర్చుంటుంది. ఆమె పేరు ఇప్పటికీ జాబితాలో ఉంది.

నా ప్రొబేషను ఆరు నెలలు పొడిగించారు. కారణం రాయలేదు. నేను ఏడుస్తుంటే కాక ఆ కాగితం తీసుకుని అడుగున చూశాడు. కాపీ పోయింది నీ ఒక్కదానికే బిడ్డ, అంటే నలుగురికి చూపే మొహం లేదు వాళ్ళకు, అన్నాడు. ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆరు నెలలు ఎట్లాగో గడిచాయి.

ఆయన రిటైరైన రోజు పాత సంఘం వాళ్ళు శాలువా తెచ్చారు. కప్పించుకున్నాడు. మర్నాడు అది మరియమ్మక్క పల్లీల బుట్ట మీద కప్పి ఉండగా చూశాను. ఆ తర్వాత కూడా ప్రతి సమావేశానికీ చిట్యాల నుంచి బస్సులో వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు. ఒకసారి తన చేతిని తొడ మీది నుంచి తీసి, నా చేతిని నా తొడ మీద పెట్టి, ఇంక నువ్వు చూడు అన్నాడు. నేను రెండు జతలు తప్పాను. మళ్ళీ అందర్నీ బయటికి పంపి మొదటి నుంచి లెక్క పెట్టించాడు.

అంత్యక్రియలకు పోయాను. ఇంటి వెనక దొడ్డి, మంద అరుపులు. ఆయన భార్య, నేను చిన్నమ్మా అనేదాన్ని, నన్ను పట్టుకుని చెప్పింది. చివరి నెల లేవలేకపోయాడట. మంచాన్ని దొడ్డి తలుపు దగ్గర వేయించుకుని, పొద్దుగూకితే పడుకునే తొడ మీద తట్టుకుంటూ లెక్క చూసేవాడట. "నేను చూస్తనయ్యా నువ్వు పండుకో అంటే ఇనకపాయె" అంది. ఆయన చెయ్యి గుర్తొచ్చి నేను వాళ్ళ గోడ పక్కకు పోయి ఏడ్చాను.

పది రోజుల తర్వాత సంతాప సమావేశం. అదే షెల్టరు, అదే అన్నం బెల్లు. ఇప్పుడు యూనియనుకు కార్యదర్శిని నేనే. స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఇద్దరిద్దరు వచ్చారు, ఒక్కో జతకు ఒక్కో తట్టు. పెన్షను అవ్వ కూడా కర్ర పట్టుకుని సందులోంచి రాబోయింది. ఆమెను చెయ్యి పట్టుకుని స్తంభం అవతల కూర్చోబెట్టాను. వెనక్కి తగ్గిన డ్రైవరు కూడా వచ్చాడు, అతనిప్పుడు ఏ సమావేశమూ తప్పడు. ఇరవై ఆరు జతలయ్యాయి. కావాల్సినదానికన్నా ఎక్కువే.

మొదటి అంశం మౌనం. రెండోది, అధ్యక్షుడైన ఎలక్ట్రీషియన్ రెండు మాటలు చెప్పబోయి ఒక్కటే చెప్పగలిగాడు. మూడో అంశం నేనే రాశాను, రాయక తప్పదు. ఏటా కార్మిక శాఖకు సభ్యుల జాబితా పంపాలి. చనిపోయినవాళ్ళ పేర్లు అందులో ఉంటే ఎందుకున్నాయని అడుగుతారు. ఏ కారణం చేత మనిషి పోయినా మా నియమం ప్రకారం పేరు దానంతటది పోదు. ఆ ముక్క పెట్టింది నేనే.

చదివాను. "మూడో అంశం. మరణించిన సభ్యుని పేరును జాబితా నుంచి తొలగించుట. ప్రతిపాదించేవారు?"

ఎలక్ట్రీషియన్ తన చెప్పుల వైపు చూస్తున్నాడు. డ్రైవరు రోడ్డు వైపు తిరిగాడు. చిట్యాల బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, అవ్వ మాత్రం ఎక్కకుండా మమ్మల్నే చూస్తూ కూర్చుంది. బస్సు పోయింది. నేను ఇంకోసారి అడగాలి, నియమం అది. అడిగాను.

మరియమ్మక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"తర్వాతది చదువు బిడ్డ."

పుస్తకంలో మూడో అంశం ఎదురుగా ప్రతిపాదించినవారు లేరని రాశాను. నాలుగో అంశం, ఊడ్చేవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి ఒక గది. అది చదివాను.